రెండో రంపం కొనాలా? కట్టె కోతలో యంత్రాల సంఖ్యను నిర్ణయించడం

ప్రస్తావన

స్థిర వ్యయం, చర వ్యయం అంటే ఏమిటో ఇంతకుముందు పాఠంలో తెలుసుకున్నారు. ఈ పాఠంలో వాటిని ఒక చిన్న యంత్రానికి అన్వయించి చూద్దాం. ట్రాక్టరు కొనేటప్పుడు రైతు నలుగురిని అడుగుతాడు, బ్యాంకు కూడా లెక్క చూపమంటుంది. ఇరవై వేల రూపాయల చైన్ రంపం విషయంలో ఎవరూ ఏమీ అడగరు. పని మధ్యలో రంపం మొరాయిస్తే ఆ విసుగులో ఇంకొకటి కొనేవారున్నారు. ‘ఒకటి ఉందిగా’ అనుకుని, అది చెడిపోయిన రోజు ముఠా మొత్తాన్ని చెట్టు కింద కూర్చోబెట్టేవారూ ఉన్నారు. ఇద్దరూ లెక్క వేయలేదు. ఆ లెక్క ఎలా వేయాలో ఇక్కడ పరిశీలిద్దాం.

కట్టె ఎవరికి, ఎప్పుడు కావాలి?

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానంలో పత్తి, మిరపల పక్కనే వర్జీనియా పొగాకు కూడా పండుతుంది. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వంటి చోట్ల వేలం కేంద్రాలున్నాయి. మిరపకాయను ఎండే ఎండబెడుతుంది. పత్తి రైతు ఇంటి పొయ్యికి చాలావరకు పత్తి కట్టె సరిపోతుంది. పొగాకు ఆకును మాత్రం బ్యారన్‌లో వేడి పెట్టి పండించాలి. ఒక్కొక్క కాల్పుకు ఐదారు రోజులు మంట ఆరకూడదు. కిలో ఎండు ఆకు తయారు కావడానికి సుమారు 4 నుంచి 5 కిలోల కట్టె ఖర్చవుతుందని అంచనా. ఆకు రంగు నిలిచే దశలో కట్టె అయిపోతే ఆ బ్యారన్‌లోని సరుకు నాణ్యత పడిపోతుంది, వేలంలో ధర కూడా పడిపోతుంది.

ఈ కట్టెలో సరుగుడు, సుబాబుల్, జామాయిల్‌తోపాటు సర్కారు తుమ్మ కూడా ఉంటుంది. మన ప్రాంతంలో చిల్లచెట్టు అని పిలిచేది దీన్నే. చెరువు కట్టల మీద, వాగుల వెంట, బీడు భూముల్లో అది ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. నరికినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. గట్టి చెక్క, మంచి మంట. కాని ముళ్లు, మట్టి కూడా దానితోనే వస్తాయి.

పచ్చి కట్టె సరిగా మండదు కాబట్టి శీతాకాలంలో కాల్చే కట్టెను వేసవిలోనే కోసి ఆరబెట్టుకోవాలి. జనవరి నుంచి మిరప కోతలు మొదలవుతాయి. వాటికే ఇతర జిల్లాల నుంచి కూలీలు రావలసి వస్తుంటే, కట్టె కొట్టడానికి మనుషులు ఎక్కడ దొరుకుతారు? తొలకరి పడ్డాక నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడుతుంది. కాబట్టి ముఠాకు గట్టిగా పని సాగే కాలం ఏప్రిల్ నుంచి తొలకరి దాకానే. రెండో రంపం అవసరమా అనే ప్రశ్నకు బలం వచ్చేది ఈ ఇరుకైన కాలం వల్లనే. ఏడాది పొడవునా తీరిగ్గా చేసుకునే పని అయితే రెండు రోజులు ఆగినా పెద్ద నష్టం ఉండదు.

ఒక ఊహాజనిత లెక్క

ఒక ముఠాలో రంపం నడిపే మనిషి ఒకరు, కొమ్మలు లాగి పేర్చే కూలీలు నలుగురు ఉన్నారనుకుందాం. రంపం ధర రూ. 20,000. ఐదేళ్లు పనిచేశాక రూ. 5,000కు అమ్ముడుపోతుంది. అప్పుడు ఏడాదికి తరుగుదల రూ. 3,000. సగటు పెట్టుబడి రూ. 12,500 మీద 12 శాతం చొప్పున వడ్డీ రూ. 1,500. నిర్వహణకు మరో రూ. 500 కలిపితే స్థిర వ్యయం ఏడాదికి రూ. 5,000 అవుతుంది. రంపాన్ని బయటికి తీసినా తీయకపోయినా ఈ మొత్తం పడుతుంది. పెట్రోలు, టూటీ ఆయిల్, చైను ఆయిల్, చైను అరుగుదల చర వ్యయాలు. నడిపే మనిషి ఒక్కడే అయినప్పుడు రెండో రంపం వచ్చినంత మాత్రాన అవి పెరగవు. నడిచిన గంటలను బట్టే అవి పడతాయి.

ఇక రంపం ఆగిన రోజు నష్టం చూద్దాం. నలుగురు కూలీలకు రూ. 600 చొప్పున రూ. 2,400, రంపం మనిషికి రూ. 900, మొత్తం రూ. 3,300. ఆ రోజు వాళ్లు అప్పటికే కోసిన కట్టెను పేర్చి ట్రక్కుకు ఎత్తుతారు కాబట్టి రూ. 800 విలువైన పని జరిగిందనుకుందాం. మిగిలిన నష్టం రూ. 2,500.

మేస్త్రి పుస్తకంలో గత ఏడాది రంపం ఆగిన రోజులు 7 అని ఉంది. వానకు పోయిన ఒక రోజును తీసేస్తే 6. ఆరు రోజుల నష్టం రూ. 15,000. రెండో రంపం వ్యయం రూ. 5,000. మూడింతల లాభం కనబడుతోంది కదా! చాలామంది ఇక్కడే లెక్క ఆపేసి దుకాణానికి వెళతారు.

ఆ ఆరు రోజుల్లో ఏ రోజు ఎందుకు ఆగిందో కూడా పుస్తకంలో చూడాలి. రెండుసార్లు చైను మొద్దుబారింది. మట్టి అంటిన చిల్లమాను కోసినా, కోస్తూ కోస్తూ చైను నేలను తాకినా పదును క్షణంలో పోతుంది. ఒకసారి స్టార్టర్ తాడు తెగింది, ఒకసారి స్పార్క్ ప్లగ్ పోయింది. ఈ నాలుగు రోజులను కాపాడటానికి రంపం అక్కరలేదు. రెండు అదనపు చైన్లు, ఆ చైనుకు సరిపడే కొలత ఉన్న ఆకురాయి, ఒక ప్లగ్, ఒక తాడు, ఒక గాలి ఫిల్టరు ఉంటే చాలు. మన ఉదాహరణలో వీటికి రూ. 2,000 అనుకుంటే, అవి రూ. 10,000 నష్టాన్ని ఆపుతాయి. అవి కొన్న తరువాత రెండో రంపం కాపాడేది ఇక రెండు రోజులనే, అంటే రూ. 5,000. దాని స్థిర వ్యయం కూడా సరిగ్గా అంతే.

ఒక పెట్టుబడి ప్రయోజనాన్ని లెక్కించేటప్పుడు, అంతకన్నా చవకైన మార్గం ఇచ్చే ప్రయోజనాన్ని ముందుగా తీసివేసి, మిగిలినదాన్నే దాని ఖాతాలో వేయాలి. దీన్నే అదనపు ప్రయోజనం అంటారు. రంపం మానులో ఇరుక్కుపోతే బయటికి తీయడానికి రెండోది కావాలనే వాదన కూడా ఇలాంటిదే. చెక్క చీలలు రెండు, ఒక గొడ్డలి దగ్గరుంటే ఎక్కువసార్లు ఆ పని జరిగిపోతుంది.

అద్దెకు దొరికితే?

రంపం రోజు అద్దె రూ. 700 అనుకుంటే, మిగిలిన ఆ రెండు రోజులకు అయ్యేది రూ. 1,400 మాత్రమే. ఏడాదికి ఏడు రోజులు దాటి అవసరమైతే తప్ప సొంత రంపం అద్దెకన్నా చవక కాదు. ఇంటి అవసరానికి ఏడాదికి ఒకసారి కట్టె కోయించుకునే కుటుంబానికైతే రెండోదాని మాట అటుంచి, మొదటిది కూడా కొనవలసిన పని లేదు.

అయితే అవసరమైన రోజున అద్దెకు దొరుకుతుందన్న నమ్మకం ఉండాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలివానకు చెట్లు కూలినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒకే రోజు రంపాలు కావాలి. మే నెలలో కూడా అన్ని ముఠాలూ ఒకేసారి పనిలో ఉంటాయి. మీ రంపం చెడిపోయే అవకాశం కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే, ఎందుకంటే అది ఎక్కువగా నడిచేది అప్పుడే. బాగుచేసే మనిషి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉండి, విడిభాగం రావడానికి వారం పడుతుందంటే పైన వేసిన రెండు రోజులు ఆరు రోజులవుతాయి. అప్పుడు రెండో రంపం కొనడమే సబబు.

రెండు రంపాలు, రెట్టింపు పని?

నడిపే మనుషులు కూడా ఇద్దరుంటే లెక్క మారుతుంది, కాని రెట్టింపు మాత్రం కాదు. చిల్లచెట్ల పనిలో సమయం ఎక్కువగా పోయేది కోతలో కాదు. ముళ్లకంప తొలగించి మాను మొదలు దాకా దారి చేయడం, కోసిన కొమ్మలను లాగడం, ట్రక్కుకు ఎత్తడం వంటి వాటితోనే పొద్దు గడిచిపోతుంది. లాగే మనుషులు నలుగురే ఉంటే రెండో రంపం వల్ల నేల మీద కుప్ప పెరుగుతుంది, బ్యారన్‌కు చేరే కట్టె పెరగదు. ఒక రోజు గడియారం పెట్టుకుని, రంపం ఎన్ని నిమిషాలు నిజంగా నడిచిందో రాసుకోండి. సగం రోజు కూడా నడవకపోతే మీకు కావలసింది మరో ఇద్దరు కూలీలు.

కూలీల్లో ఒకరికి రెండో రంపం చేతికిచ్చి ‘నువ్వూ కొయ్యి’ అనడం ప్రమాదకరం. బారు కొన కొమ్మకు తగిలితే రంపం ఒక్కసారిగా మనిషి మీదికి ఎగురుతుంది. చెట్లు పడగొట్టేటప్పుడు ఇద్దరి మధ్య కనీసం చెట్టు ఎత్తుకు రెండింతల దూరం ఉండాలి. మొదటి రంపం నడిపే మనిషికి హెల్మెట్, కళ్లద్దాలు, చెవులకు రక్షణ, గట్టి బూట్లు, కాళ్లకు కోత తగలని తొడుగు లేకపోతే, చేతిలో ఉన్న డబ్బు ముందుగా వాటికే ఖర్చు పెట్టాలి. ఈ విషయంలో లాభనష్టాల బేరీజు అక్కరలేదు. ఆసుపత్రి ఖర్చు ఏ పట్టికలోనూ ఇమడదు.

కొనాలని నిశ్చయించుకుంటే

పాతదాని రకాన్నే కొనడం మంచిది. చైను, బారు, ఫిల్టరు ఒకదానివి మరొకదానికి పనికివస్తాయి. చింత, వేప వంటి లావు మానులు తరచూ కోసేవారికి మాత్రం ఒకటి పెద్దది, కొమ్మలకు ఒకటి తేలికది ఉండటం చేతులకు సుఖం. చిల్లకట్టె ఎక్కువగా సన్నమానులే కాబట్టి అక్కడ ఆ అవసరం తక్కువ.

రెండోదాన్ని అటక మీద పెట్టకండి. ఇప్పుడు దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉండిపోయిన మిశ్రమం కార్బురేటర్‌లో జిగురులా పేరుకుంటుంది. ఆపదకని దాచిన రంపం సరిగ్గా ఆపద రోజునే స్టార్టు కాదు. వారం మార్చి వారం రెండింటినీ వాడండి. పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి పక్కన పెట్టండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పై ఉదాహరణలో రంపం ధర రూ. 32,000, ఐదేళ్ల తరువాత విలువ రూ. 8,000 అయితే ఏడాది స్థిర వ్యయం ఎంత? వడ్డీ రేటు, నిర్వహణ ఖర్చు మారలేదనుకోండి.

2. ఒక ముఠాలో రంపం ఆగిన రోజులు 9. వాటిలో 3 చైను పదును వల్ల, 2 వాన వల్ల, 4 ఇంజను మరమ్మతు వల్ల. ఒక రోజు నష్టం రూ. 2,500. అద్దె రంపం దొరకదు. అదనపు చైన్లు కొన్న తరువాత రెండో రంపం వల్ల కలిగే అదనపు ప్రయోజనం ఎంత? ఒకటో ప్రశ్నలోని రంపాన్ని కొనవచ్చా?

3. మీ ఊళ్లో రంపం నడిపే ఒకరిని కలిసి, గత వేసవిలో పని ఆగిన రోజులను కారణాలతో సహా రాసుకోండి. వాటిలో చవకైన విడిభాగాలతో తప్పించగలిగినవి ఎన్నో గుర్తించండి.