గుర్రానికి బీమా ఉందా? మంచిదే. ముందు ముడి చూడండి

పాడేరు మన్యంలో రోడ్డు పడని చాలా కొండపల్లెలకు ఇప్పటికీ గుర్రమే బండి. మిరియాలు, పసుపు సంతకు దిగాలన్నా, బియ్యం ఇంటికి చేరాలన్నా అదే మోయాలి. కట్టేసిన గుర్రం బెదిరితే ఒక్కసారిగా వెనక్కి లాగుతుంది. మెడ దెబ్బతినేది, కాలికి తాడు చుట్టుకునేది, మన వేళ్లు నలిగేది అప్పుడే.

ఎలా కట్టాలి?

• గట్టి చెట్టుకో, పాతిన గుంజకో కట్టండి. బైకుకు, ముళ్లకంచెకు వద్దు.

• ముడి గుర్రం మూపు ఎత్తులో ఉండాలి. తాడు రెండు, మూడు అడుగులు చాలు. ఎక్కువైతే కాలు ఇరుక్కుంటుంది.

• కళ్లేనికి కట్టొద్దు, నోరు చీరుకుంటుంది. మెడకు ఉచ్చు అసలే వద్దు. తలకు వేసిన పగ్గానికే కట్టండి. పగ్గం కింద రెండు వేళ్లు దూరాలి.

• కొస లాగగానే ఊడే ముడి వేయండి. చెట్టుకు పురికొస చుట్టి, తాడును దానికి కడితే ఇంకా మేలు. గుర్రం గట్టిగా లాగితే పురికొస తెగుతుంది, మెడ దక్కుతుంది.

• తాడును చేతికి చుట్టుకోవద్దు.

• మేతకు వదిలేటప్పుడు పగ్గం తీసేయండి. పొదల్లో చిక్కుకుంటుంది.

గాయమైతే?

వెంటనే 1962కు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనానికి ఇది టోల్‌ఫ్రీ నంబరు. ఊరికి బండి రాకపోతే, ఏ రోడ్డు దగ్గర కలుస్తారో చెప్పండి.

బీమా సంగతేంటి?

నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ పశు బీమా పరిధిలో గుర్రాలు, గాడిదలు కూడా ఉన్నాయి. ప్రీమియంలో రైతు వాటా 15 శాతం. మీ దగ్గరి పశువైద్యశాలలో అడగండి. కానీ ఒక్క మాట: బీమా డబ్బు గుర్రం చనిపోతే వచ్చేది. అది కుంటుతూ ఇంటి దగ్గరున్న రోజుల్లో పోయిన సంపాదన ఎవరూ ఇవ్వరు. ఆ నష్టం రాకుండా చూసేది మీరు వేసే ముడే.