మీ ఇంట్లో అతిథి గది: హోమ్‌స్టే సాయానికి అడిగే ముందు ఇది చదవండి

పాడేరు, అరకు, చింతపల్లి వైపు గిరిజన గ్రామాల్లో ఉంటున్న కుటుంబాల కోసం ఈ సమాచారం. చదవడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దయచేసి చదివి వినిపించండి.

నవంబరు వచ్చిందంటే వంజంగి మేఘాల కోసం, లంబసింగి చలి కోసం, అరకు వలిసె పూల కోసం ఎన్ని కార్లు కొండెక్కుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్లు పెట్టే ఖర్చులో మీ ఊరికి మిగిలేది ఎంత? చాలాచోట్ల టీ డబ్బులు, బొంగు చికెన్ డబ్బులు, దారి పక్కన ఖాళీ సీసాలు. గది అద్దె మాత్రం వేరేవాళ్ల జేబులోకి పోతుంది. ఆ గది మీ ఇంట్లోనే ఉంటే ఆ డబ్బు కూడా మీకే వస్తుంది. పథకం ఉద్దేశం ఇదే.

ఎంత సాయం వస్తుంది?

కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 2న ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్ ప్రారంభించింది. అందులో భాగంగా పర్యాటక శాఖ స్వదేశ్ దర్శన్ కింద గిరిజన ప్రాంతాల్లో 1,000 హోమ్‌స్టేలకు సాయం చేస్తుంది. కొత్త గదులు కట్టుకోవడానికి ఒక్కో కుటుంబానికి రూ.5 లక్షల వరకు, ఉన్న గదులు బాగు చేసుకోవడానికి రూ.3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకు రూ.5 లక్షల వరకు ఇస్తారు.

"వరకు" అన్న మాట గమనించండి. అందరికీ పూర్తి మొత్తం వస్తుందని కాదు. పైగా ఆ 1,000 హోమ్‌స్టేలు దేశం మొత్తానికి. మీ ఊరు జాబితాలో ఉందా లేదా అన్నది పాడేరు ఐటీడీఏలోనో మీ గ్రామ సచివాలయంలోనో అడగండి. "జాబితాలో పేరు ఎక్కిస్తాను, ముందు పది వేలు ఇవ్వు" అనేవాళ్లకి మాత్రం పైసా ఇవ్వకండి.

ఇల్లు మీ చేతిలోనే ఉండాలి

అసలు జాగ్రత్త ఇక్కడే. గదులు తయారయ్యాక, ఒక్కోసారి తయారు కాకముందే, కింద నుంచి ఎవరో ఒకరు వస్తారు. "బాబూ, నీకెందుకీ తలనొప్పి? ఏడాదికి ఇంత ఇచ్చేస్తా, ఇల్లు నాకు వదిలెయ్. పెరట్లో నాలుగు టెంట్లు వేసుకుంటా" అంటారు. చేతిలో నోట్ల కట్ట కనబడితే ఎవరికైనా మనసు లాగుతుంది. అందులో తప్పేం లేదు. కానీ ఒక్కసారి లెక్క వేయండి. ఊరికే లెక్క కోసం అనుకుందాం: రెండు గదులు, రోజుకి గదికి రూ.1,200, సీజన్ మొత్తం మీద 30 రాత్రులు నిండాయి. అంటే రూ.72,000. భోజనం డబ్బులు వేరే. సరుకులు, కరెంటు, దుప్పట్ల ఉతుకు ఖర్చు తీసేసినా మిగిలింది మీదే. లీజుకిస్తే ఆ పెద్దమనిషి ఇచ్చిందే మీకు, మిగతాదంతా ఆయనకి.

చట్టం సంగతి ఇంకా గట్టిది. మనది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం అని మనందరం పిలిచే భూ బదలాయింపు నిబంధనల ప్రకారం గిరిజనుల భూమిని, ఇంటిని గిరిజనేతరులకి అమ్మడమే కాదు, లీజుకివ్వడం, తాకట్టు పెట్టడం, దాని మీద ఒప్పందం రాసుకోవడం కూడా చెల్లవు. స్టాంపు కాగితం మీద రాసినా, ఊళ్లో నలుగురు సాక్షి సంతకాలు పెట్టినా చెల్లదు. మీ పేరు ముందు పెట్టి వెనక నుంచి వేరేవాళ్లు నడిపినా అంతే. అటవీ హక్కుల పట్టా భూమి అయితే మీ పిల్లలకి వారసత్వంగా వస్తుందే గాని ఇంకెవరికీ బదలాయించడానికి లేదు.

రెండు రాత్రులు ఉండి డబ్బు కట్టి వెళ్లే అతిథి వేరు. అతనికి మీ ఇంటి మీద ఏ హక్కూ రాదు. హోమ్‌స్టే అంటేనే ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉండటం. మీరు ఖాళీ చేసి పక్కకి వెళ్లిపోతే అది లాడ్జీ అవుతుంది.

ఊట ఎంతమందిని మోస్తుంది?

జల్ జీవన్ మిషన్‌లో మనిషికి రోజుకి 55 లీటర్ల లెక్కన నీళ్ల పథకాలు కడతారు. ఆ లెక్క ఊళ్లో ఉండేవాళ్లకి. వచ్చే అతిథి పట్నం అలవాటుతో రెండు పూటలా స్నానం చేస్తాడు, ఫ్లష్ నొక్కుతాడు. ఇలా పది ఇళ్లలో నలుగురేసి దిగితే ఊట మీద ఒకేసారి నలభై మంది భారం. శీతాకాలం ఎలాగో గడిచిపోతుంది. ఏప్రిల్, మేలో మీ పొరుగింటి ఆడపడుచు బిందెతో ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో ఆలోచించండి. ఊళ్లో ఎన్ని గదులుండాలి, ఎండాకాలంలో బుకింగులు ఆపాలా వద్దా అన్నది గ్రామసభలో ముందే మాట్లాడుకోండి. పీసా చట్టం ఉన్నది మీ ఊరి వనరుల గురించి మీరే కూర్చుని తేల్చుకోవడానికి. ఊరికి వచ్చే ఉమ్మడి డబ్బు దేనికి అడగాలో కూడా అక్కడే తేల్చుకోవచ్చు. నన్నడిగితే ఊరి ముందు ఆర్చీ కంటే ఊట చుట్టూ కట్టడం ముఖ్యం.

మరుగుదొడ్డి గుంత ఊటకి ఎగువన ఎప్పుడూ వద్దు. దిగువన, దూరంగా ఉండాలి. కార్ల పార్కింగ్ కోసం జేసీబీతో కొండ అంచు తవ్వించకండి. చెట్ల వేళ్లు పట్టి ఉంచిన మట్టిని ఒకసారి కదిపితే వానాకాలంలో అది జారి మీ ఇంటి మీదకే వస్తుంది. ఘాట్ రోడ్ల మీద పడే బండలు చూస్తూనే ఉన్నాం కదా. కార్లు రోడ్డు దగ్గరే ఆగి, అతిథులు పది నిమిషాలు నడిచి వస్తే నష్టమేమీ లేదు. నడవడానికేగా వాళ్లు కొండకి వచ్చింది!

కాఫీ కోత మరవకండి

ఇంకో మాట ఎవరూ చెప్పరు. జనం ఎగబడే నెలలూ, కాఫీ పండు కోసే నెలలూ ఒకటే. తెల్లవారి నాలుగింటికి అతిథులకి టీ పెట్టి, వంట చేసి, పక్కలు దులిపి, మళ్లీ తోటకి వెళ్లేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. మన అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఏటా చేతికొచ్చే పంట అది. టూరిస్టు ఒక తుపాను హెచ్చరిక వస్తే రాడు. కాబట్టి గదుల కోసం తోట వదలకండి. డ్వాక్రా సంఘంలో నలుగురు కలిసి వంట పని పంచుకుంటే, డబ్బు కూడా పని లెక్కన పంచుకుంటే, ఒక్కరి నడుమే విరగదు. అతిథికి ఫ్రైడ్ రైస్ వండాలని కంగారు పడకండి. రాగి అంబలి, సామ అన్నం, పనస కూర పెట్టండి. థింసా ఆడటం మీ ఇష్టం. డబ్బిచ్చాం ఆడండి అంటే ఆడాల్సిన పని లేదు.

వచ్చినవాళ్ల పేరు, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు వివరం ఒక పుస్తకంలో రాయండి. విదేశీయులైతే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో తెలియజేయడం తప్పనిసరి. చేతకాకపోతే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అడగండి, సాయం చేస్తారు.

ఇప్పటికే ఎవరికైనా లీజు కాగితం మీద సంతకం పెట్టేశారా? భయపడకండి, దాచకండి. ఆ కాగితం నకలు, మీ కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, భూమి పట్టా జిరాక్సులు తీసుకుని ఐటీడీఏ ప్రాజెక్టు అధికారిని గాని, గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌ని గాని కలవండి. నకలు మీ దగ్గర లేకపోయినా వెళ్లండి. ఫిర్యాదు రాసిచ్చి, అందినట్టు రసీదు అడిగి తీసుకోండి.