తాడు బిగిస్తే కుక్క ఎందుకు లాగుతుంది?

పలుపు పట్టుకొని గేదెను చెరువుకు తోలుకుపోవడం మన చీడికాడ పిల్లలకు కొత్త కాదు. ఊరకుక్కకైతే తాడుతో పనే లేదు; ఊరంతా తిరిగి, అన్నం వేళకు తానే గుమ్మం ముందుకు వస్తుంది. కాని ఇప్పుడు పల్లెల్లో కూడా కొందరు పొమేరియన్ వంటి చిన్న కుక్కలను పెంచుతున్నారు. అలాంటి కుక్క మెడకు బెల్టు పెట్టి, తాడు తగిలించి, కోనాం జలాశయం వైపు పోయే రోడ్డు మీదికి మీరు బయలుదేరారనుకోండి. నాలుగు కిలోల ప్రాణి, దీన్ని నడిపించడం ఒక పనా అనిపిస్తుంది. పది అడుగులు వేసేసరికి సంగతి తెలుస్తుంది! ఒకసారి ముందుకు లాగుతుంది, ఒకసారి కూలబడుతుంది, ఒకసారి మీ కాళ్ళకే తాడు చుట్టేస్తుంది. ఇది మొండితనం కాదు. దీనికి కారణాలున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

కాళ్ళు, ముక్కు

మీరు ఒక అడుగు వేసేలోపల ఆ కుక్క ఎన్ని అడుగులు వేస్తున్నదో లెక్కపెట్టండి. మీకు నడక అయినది దానికి పరుగు. అందుకే అది వెనుకబడుతుంది.

ఇక ముక్కు. వాసనను గ్రహించే కణాలు మన ముక్కులో సుమారు 50, 60 లక్షలుంటే, కుక్కలో జాతిని బట్టి 10 కోట్లకు పైగానే ఉంటాయి. మనకు ఉత్త కరెంటు స్తంభం, దానికి ఆ వీథి వార్తాపత్రిక! చదవడం పూర్తికాకముందే మీరు లాగితే అది ఎదురులాగుతుంది.

ఎందుకు ఎదురులాగాలి? రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ పేరు మీరు విన్నదే. జీర్ణక్రియపై పరిశోధనలకు ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన ప్రయోగశాలలో ఒక కుక్క పట్టీలు కట్టి నిలబెడితే ఎంతకూ కుదురుగా ఉండేది కాదు. కదలికకు అడ్డు తగిలితే పెనుగులాడటం జంతువుకు పుట్టుకతో వచ్చిన గుణమని పావ్లోవ్ భావించాడు. దానికి 'స్వేచ్ఛా ప్రతీకార చర్య' అని పేరు పెట్టాడు. తాడు బిగిసినకొద్దీ కుక్క లాగడంలో వింత లేదన్నమాట.

మెడ మీద పడే బలమెంత?

మీ భౌతికశాస్త్రం ఇక్కడ పనికివస్తుంది. 4 కిలోల కుక్క పిల్లిని చూసి సెకనుకు 3 మీటర్ల వేగంతో దూకింది. దాని ద్రవ్యవేగం 4 × 3 = 12 యూనిట్లు. మీరు కదలకుండా నిలబడ్డారు. తాడు బిగిసి, సెకనులో పదోవంతు కాలంలో కుక్క ఆగిపోయింది. న్యూటన్ రెండవ గమన నియమం ప్రకారం మెడ మీద పడిన సగటు బలం 12 ÷ 0.1 = 120 న్యూటన్లు. అంటే సుమారు 12 కిలోల బరువు, దాని సొంత బరువుకు మూడు రెట్లు!

అదే మీరు దానితోపాటు రెండు అడుగులు వేసి, అర సెకనులో మెల్లగా ఆపితే? 12 ÷ 0.5 = 24 న్యూటన్లు. బలం ఐదోవంతుకు తగ్గింది. క్రికెట్ ఆటగాడు బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కు తీసుకొనేది ఇందుకే కదా!

ఆ బెల్టు కింద ఉన్నది శ్వాసనాళం. ఒకవైపు తెరుచుకొన్న గాజుల వంటి మృదులాస్థి వలయాలు దానిని నిలబెడతాయి. పొమేరియన్ వంటి చిన్న జాతులలో కొన్నిటికి ఈ వలయాలు మెత్తబడి, నాళం అణగిపోయే జబ్బు వస్తుంది. అందువల్ల చిన్న కుక్కలకు మెడ బెల్టు కంటె ఛాతీ చుట్టూ వేసే పట్టీ మేలని పశువైద్యులు చెబుతారు. బలం ఎక్కువ వైశాల్యం మీద పరచుకొంటే పీడనం తగ్గుతుంది.

ఎండ, వీథికుక్కలు

కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దానికి చల్లబడే ప్రధాన మార్గం. పైగా పొట్టికాళ్ళ కుక్క పొట్టకు రోడ్డు వేడి దగ్గరగా తగులుతుంది. వేసవిలో బయలుదేరేముందు మీ అరచేతి వెనుక భాగాన్ని తారురోడ్డుపై 7 సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. పొద్దున్నే, లేదా పొద్దు వాలాక తీసుకువెళ్ళండి.

వీథికుక్కలు ఎదురైనప్పుడు తాడున్న కుక్కకు పారిపోయే దారి ఉండదు. అందుకే అంతగా మొరుగుతుంది. దూరంలో ఉండగానే దారి మళ్ళండి, పరుగెత్తకండి. తాడును వేళ్ళకు బిగించి చుట్టుకోకండి.

పొరపాటున ఏ కుక్క పన్ను గీరుకున్నా చిన్నదని దాచకండి. సబ్బు, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, పెద్దలకు చెప్పి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు అసాధ్యం. ముందే టీకా వేయించుకొంటే భయం లేదు. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న తొమ్మిదేళ్ళ బాలుడికి మొదటిసారి ఆ టీకా వేశాడు. మీ కుక్కకూ ఏటా టీకా వేయించండి.

మీరే చేసి చూడండి

తాడు బిగిసిన మరుక్షణం ఆగిపోండి. లాగవద్దు, అరవవద్దు. కుక్క మీ వైపు తిరిగి తాడు వదులయిన క్షణంలో కదలండి. లాగితే దారి సాగదని, వదులుగా ఉంటే సాగుతుందని అది నేర్చుకొంటుంది. 100 అడుగుల నడకలో ఎన్నిసార్లు తాడు బిగిసిందో రోజూ నోటుపుస్తకంలో రాసి, రెండు వారాల తరువాత గ్రాఫు గీయండి. గీత కిందికి దిగిందంటే కుక్క నేర్చుకొన్నట్టు. దిగకపోతే ఆగవలసిన చోట మీరు నిజంగా ఆగుతున్నారో లేదో ముందు చూసుకోండి.