పోపులపెట్టెయు చేతిఫోనును

2010 మొదలు 2019 వరకు గడచిన పదియేండ్లలో సామాన్యులు నిత్యము వాడుకొను యంత్రసాధనములు మన సంసారముల నెంతగా మార్చినవో మన మెల్లరము కన్నులార చూచితిమి. అందు ఏ సంవత్సరము అన్నిటికంటె గొప్ప మార్పును దెచ్చినదని యడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్క సమాధానము చెప్పుదురు. కొత్త యంత్రము పుట్టిన యేటిని కొందరు లెక్కింతురు. అది ఎక్కువగా అమ్ముడుపోయిన యేటిని మఱికొందరు లెక్కింతురు. మేము వేరొక కొలతను గైకొంటిమి. సాధన మెప్పుడు పుట్టినదని గాక, అది పల్లెటూరి యిల్లాలి వాడుకలోనికి ఎప్పుడు వచ్చినదని విచారించుటయే న్యాయమని మాకు తోచినది. అందులకు నల్లగొండ జిల్లాలోని కేతేపల్లిని దృష్టాంతముగా తీసికొందము.

కేతేపల్లి నకిరేకల్లు సూర్యాపేటల నడుమ, హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిమీద నున్న మండల కేంద్రము. మూసీ జలాశయము దానికి చేరువనే కలదు. పట్నమునకు పోవు బస్సులును లారీలును రాత్రింబవళ్లు ఆ యూరి మీదుగనే సాగుచుండును. అయినను త్రోవ దగ్గరగా నున్నంత మాత్రమున పట్నపు సౌకర్యములు ఇంటిలోనికి నడచిరావు. వాని ధర దిగిరావలెను.

2010లో ప్రభుత్వము త్రీజీ తరంగములను వేలము వేయగా 67 వేల కోట్ల రూపాయలకు పైగా వచ్చినవి. కాని ఆ సేవ సామాన్యులకు చాలకాలము ప్రియముగనే యుండెను. 2014 సెప్టెంబరులో గూగుల్ వారి ఏర్పాటున ఆండ్రాయిడ్ వన్ అను పేర 6,400 రూపాయలకే టచ్ ఫోనులు అంగడికి వచ్చెను. ఫోను చౌకయయ్యెను గాని, దానికి ప్రాణమువంటి ఇంటర్నెట్టు చౌక కాలేదు. పప్పును కిలోలతో కొలిచినట్లు ఇంటర్నెట్టును జీబీలతో కొలుతురు. టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ వారి లెక్క ప్రకారము 2014లో ఒక్క జీబీ సగటు ధర సుమారు 269 రూపాయలు. ఆ ధరకు కొని సినిమా పాట చూచుటకు కూలినాలి చేసికొను సంసారములు సాహసింపవు గదా! 2018 నాటికి ఆ ధర 12 రూపాయలకు లోబడెను. ఈ రెండింటి నడుమ నున్న మలుపే 2016వ సంవత్సరము.

ఆ యేడు జరిగిన సంగతులను వరుసగా చూడుడు. ఏప్రిల్ 11వ తేదీన రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్‌గారు యూపీఐ పద్ధతిని ప్రారంభించిరి. ఒక బ్యాంకు ఖాతా నుండి వేఱొక బ్యాంకు ఖాతాకు ఫోను ద్వారా క్షణములో సొమ్ము పంపుటయే దాని పని. సెప్టెంబరు 5వ తేదీన జియో సేవ ఆరంభమయ్యెను. మాటలకు వెల లేదు. మొదటి నెలలలో ఇంటర్నెట్టునకును వెల లేదు. 170 దినములలో పదికోట్ల మంది అందు చేరిరి. తక్కిన కంపెనీలును ధరలను దించక తప్పలేదు. నవంబరు 8వ తేదీ రాత్రి ఐదువందల, వెయ్యి రూపాయల నోట్లు రద్దయ్యెను. నవంబరు 15వ తేదీన వాట్సాప్‌లో ముఖము చూచుచు మాటలాడు సౌకర్యము వచ్చెను. డిసెంబరు 30వ తేదీన భీమ్ అను ప్రభుత్వపు చెల్లింపు సాధనము వెలువడెను.

నోట్ల రద్దు ఎట్టిదో కేతేపల్లి మండలమువారికి రోడ్డుమీదనే కనబడెను. ఆ మండలములోని కొర్లపహాడు వద్ద జాతీయ రహదారిపై టోల్‌గేటు కలదు. చిల్లర కఱవగుటచే నవంబరు 9 నుండి డిసెంబరు 2 వరకు దేశమందలి జాతీయ రహదారులన్నిటిపైనను టోలు వసూలు నిలిపివేయబడెను. 2021 ఫిబ్రవరి నడుమ నుండి అవే గేట్ల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరియై, బండి అద్దమునకు అంటించిన చీటినుండియే రుసుము చెల్లింపబడుచున్నది. చిల్లర దొరకక గేటు తెఱచిన కాలమునకును, చిల్లరయే అక్కఱలేని కాలమునకును నడుమ నాలుగేండ్లకంటె కొంచెమే యెక్కువ.

2017కు పట్టము కట్టవలెనని వాదించువారు కలరు. వారి వాదము త్రోసివేయదగినది కాదు. ఆ యేడు ఆగస్టులో గూగుల్ వారు తెలుగు మాటను విని వెదకిపెట్టు ఏర్పాటు చేసిరి. చదువురాని అవ్వయు నోటితో అడిగి కోరినదానిని చూచు వీలు కలిగెను. 1,500 రూపాయల పూచీకత్తు సొమ్ముతో జియోఫోను వచ్చినదియు ఆ యేడే. కాని ఈ రెండును 2016లో వేసిన విత్తునకు మొలచిన మొక్కలు. ఇంటర్నెట్టు ప్రియముగా నున్నచో నోటితో నడుగు సౌకర్య మెవరికి ఉపయోగము? యూపీఐ చెల్లింపులు 2016 డిసెంబరులో నెల మొత్తమునకు 20 లక్షలు. 2019 అక్టోబరులో అవి నూరుకోట్లను దాటెను. పూవమ్మునట్టి చిన్న దుకాణముల ముందును గడులబొమ్మ అట్ట వ్రేలాడుట అందరెఱిగినదే.

కావున 2016 అనియే మా తీర్పు. అయితే ఆ యేడు స్త్రీలకు మేలే చేసినదా యని యడిగినచో, వెంటనే ఔనని చెప్పజాలము.

మన యిండ్లలో పోపులపెట్టె ఆవాలకు మెంతులకే గాక, గృహిణి కూడబెట్టిన నాలుగు రూకలకును చోటు. పప్పుడబ్బా అడుగునను, చీరెల మడతలలోను దాచిన సొమ్ము ఆమె సొంతము. పిల్లల పుస్తకములకు, పుట్టింటి పండుగకు, మగడు త్రాగుబోతైన యింట మఱునాటి గ్రాసమునకు అదియే ఆధారము. నోట్లు రద్దుకాగా ఆ సొమ్మును డిసెంబరు 30 లోపల బ్యాంకులో జమకట్టవలసివచ్చెను. తన పేర ఖాతా లేని యిల్లాలు దానిని భర్త చేతిలోనో కుమారుని చేతిలోనో పెట్టక తప్పలేదు. ఏండ్లతరబడి కాచుకొన్న రహస్యము కొలది దినములలో బయటపడెను. ఖాతానుండి వారమునకు 24 వేలకంటె ఎక్కువ తీయరాదన్న నిబంధన యున్న ఆ దినములలో ఇంటి అవసరములే ముందు నిలిచెను. ఆమె రూకలు ఆమెకు తిరిగి ముట్టుట వెనుకబడెను.

ఇట్లు ఆ సంవత్సరము స్త్రీల పాత బ్యాంకును మూసి, కొత్త బ్యాంకును ఫోనులో తెఱచెను. కాని ఆ ఫోను ఎవరిది? 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణములో, తెలంగాణమున ఇంటర్నెట్టును ఎన్నడైనను వాడితిమని చెప్పిన పురుషులు నూటికి 57 మంది. స్త్రీలు నూటికి 27 మంది లోపే. పల్లెటూళ్ల స్త్రీలలోనైతే ఇంచుమించు 16 మంది. మూడేండ్లు గడచిన పిమ్మటను ఇది స్థితి. 2020లో బడులు మూతబడి, సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పినప్పుడు, టీవీ లేని యింట ఒక్క ఫోనే బడి యయ్యెను. ఆ ఫోను తండ్రి జేబులో పొలమునకు పోయినచో పాఠమును దానితోడనే పోయెను. ఇంటిలో ఫోను ఉండుట వేఱు, అది చేతికి అందుట వేఱు.

పోపులపెట్టె చిన్నదే గాని దాని మూత ఎవరు తీయవలెనో ఆమె యెఱుగును. కొత్త బ్యాంకునకును అట్టి మూత కావలెను. అందులకు మూడు సంగతులు తెలిసియుండిన చాలును. మొదటిది: ఖాతా మన పేర నున్నను, దానికి జతపడిన ఫోను నంబరు ఇతరులదైనచో సొమ్ము వచ్చిన వార్తయు పోయిన వార్తయు వారికే చేరును. మహిళా సంఘములలో ఏండ్లుగా పొదుపు చేయుచు, అప్పు తెచ్చి తీర్చుచున్న మన సోదరీమణులకు తమ నంబరును ఖాతాకు జతపఱచుకొనుట కష్టము కాదు. రెండవది: పిన్ను సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. సొమ్ము వేసెదము, పిన్ను నొక్కుమని చెప్పువాడు దొంగ. మోసపోయినచో సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930 నంబరునకు తెలుపవలెను. మూడవది: బటనుల ఫోను గలవారును నిరాశపడనక్కఱలేదు. వారికొఱకు 2022 మార్చి 8వ తేదీన, మహిళా దినోత్సవమునాడే, యూపీఐ 123పే అను పద్ధతి ప్రారంభమయ్యెను.

మగవారిపై అనుమానము పెంచుట మా యుద్దేశము కాదు. ఇల్లాలు దాచిన రూకలు కష్టకాలమున ఆ యింటినే నిలబెట్టునని ఎఱిగిన భర్త, ఆమె ఫోను కొనుటను వ్యర్థవ్యయముగా తలపడు. 2016 తెచ్చిన సౌకర్యములలో ఆమె భాగము ఆమెకు ఇంకను పూర్తిగా ముట్టవలసియున్నది. ఈ నెల కూలియో పాలడబ్బో చేతికి వచ్చిననాడు మన సోదరీమణులు బ్యాంకునకు పోయి, తమ ఖాతాకు జతపడియున్న నంబరు ఎవరిదని అడిగి తెలిసికొందురు గాక!