ఊరి ఖాతా ఎవరి చేతిలో?

ఈమధ్య ఉగాదినాడు మా ఇంట్లో అందరం కలిసి భోజనం చేస్తున్నాం. మా చెల్లెలి కొడుకు ఎలక్ట్రానిక్స్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రోజూ సిల్క్‌బోర్డు కూడలి దాటి వెళ్లి రావాలి. వడ్డించిన ఓళిగ పక్కన పెట్టి, "మామయ్యా, ఈ ఊరిని బాగుచెయ్యడం కార్పొరేషను వాళ్లవల్ల కాదు. ఏదైనా మంచి కంపెనీకి అప్పజెప్పేస్తే ఆరు నెలల్లో అంతా సరి అయిపోతుంది" అన్నాడు. పంక్తిలో ఉన్నవాళ్లలో చాలామంది తల ఊపారు. మా అమ్మ మాత్రం, "మీ తాతయ్య ఉండుంటే దీనికి జవాబు చెప్పేవారురా" అంది.

ఆమె ఎందుకన్నదో నాకు తెలుసు. మావాడు అడిగిన పని మా ఊళ్లో ఒకసారి కొంతవరకు జరిగి చూసిందే. అప్పటికి వాడు ఒడిలో పిల్లవాడు. కంపెనీవాళ్లు ఊరి వ్యవహారంలో చెయ్యి పెడితే ఏమి బాగుపడుతుంది, ఏమి బాగుపడదు అన్నది బెంగుళూరు కళ్లారా చూసింది. నేను రాజనీతి చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, అంకెల మధ్య తల నెరిసినవాణ్ణి. ఆ కళ్లతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బెంగుళూరులో 'ఖాతా' అనే మాటకి రెండర్థాలున్నాయి. బ్యాంకులో ఉండే ఖాతా ఒకటి. నగరపాలిక పుస్తకంలో ఇల్లు ఎవరి పేర ఉందో, కందాయం ఎవరు కట్టాలో తెలిపే ఖాతా ఇంకొకటి. నేను చెప్పబోయే కథ ఈ రెండో ఖాతా దగ్గరే మొదలవుతుంది.

ఒక ముఖ్యమంత్రి, ఒక కంపెనీ

1999 అక్టోబరులో ఎస్.ఎం. కృష్ణ కర్ణాటక ముఖ్యమంత్రి అయ్యారు. అంతకు ఏడాది ముందే హైదరాబాదులో హైటెక్ సిటీ సైబర్ టవర్స్ ప్రారంభమయింది. అక్కడ చంద్రబాబునాయుడు, ఇక్కడ కృష్ణ, కంపెనీలను రప్పించడంలో పోటీపడుతున్న రోజులవి. మన చుట్టపక్కాలు హైదరాబాదునుంచి వస్తే, "మీ ఊరి రోడ్లకంటే మా ఊరి రోడ్లే నయం" అని మనల్ని ఉడికించిపోయేవారు.

ఆ సంవత్సరం నవంబరులోనే కృష్ణ 'బెంగుళూరు అజెండా టాస్క్‌ఫోర్సు' అనే సంఘాన్ని నియమించారు. దానికి అధ్యక్షుడు నందన్ నిలేకని. ఇన్ఫోసిస్ స్థాపకులు ఏడుగురిలో ఆయన ఒకరు. 1981లో పూనాలో పదివేల రూపాయల పెట్టుబడితో మొదలై, తర్వాత బెంగుళూరు చేరి, 1999 మార్చిలో అమెరికాలోని నాస్‌డాక్ మార్కెట్టు కెక్కిన కంపెనీ అది. నిలేకని ఈ పని చేసింది కంపెనీ ఉద్యోగిగా కాదు, పౌరుడిగా. అయినా జనం దృష్టిలో వచ్చింది ఇన్ఫోసిస్సే. "వాళ్ల కంపెనీ అంత శుభ్రంగా నడుస్తోంది గదా, ఊరు కూడా అలా నడవకపోతుందా" అన్నదే అందరి ఆశ.

నగరపాలిక, నగరాభివృద్ధి ప్రాధికారం, నీళ్లు, కరెంటు, బస్సులు, టెలిఫోన్లు, పోలీసులు, ఇలా ఏడు సంస్థలతో ఈ సంఘం కలిసి పనిచేసింది. అధికారులు సభలో ప్రజల ఎదుట నిలబడి, "ఈ ఆరు నెలల్లో ఇది చేస్తాం" అని చెప్పేవారు. మళ్లీ సభ జరిగినప్పుడు చేసిందెంత, చెయ్యనిదెంత అని ముఖ్యమంత్రి సమక్షంలో ఒప్పజెప్పేవారు. బ్యాంకులో మాకు టార్గెట్ల సమీక్ష మామూలే. నీళ్ల బోర్డు పెద్దాయనకు కూడా అలాంటి సమీక్ష జరగడం, అదీ మనబోటి వాళ్లు చూస్తుండగా జరగడం, ఆ రోజుల్లో వింతగా ఉండేది.

నాన్నగారి కొలతటేపు

ఆ కాలంలోనే, 2000 సంవత్సరంలో, నగరపాలిక ఇంటి కందాయానికి 'స్వయం మదింపు' పద్ధతి తెచ్చింది. టాస్క్‌ఫోర్సు దానికి వెన్నుదన్నుగా నిలిచింది. ఇలాంటి పద్ధతి దేశానికి కొత్త కాదు. 1993లోనే పాట్నాలో, స్థలాన్నిబట్టి, కట్టడాన్నిబట్టి, వాడకాన్నిబట్టి పన్ను లెక్కగట్టే పద్ధతి వచ్చింది. అంతకుముందు ఇల్లెంత, అద్దె ఎంత రావచ్చు అన్నది ఉద్యోగి వచ్చి చూసి నిర్ణయించేవాడు. పక్కపక్క ఇళ్లకే పన్నులో పొంతన ఉండేది కాదు. ఎందుకు ఉండేది కాదో పాఠకులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

కొత్త పద్ధతిలో ఊరిని ఆరు మండలాలుగా చేశారు. మన వీధి ఏ మండలమో పుస్తకంలో ఉంటుంది. చదరపు అడుగుకి ఇంత అని రేటు ఉంటుంది. పెంకుటిల్లా, డాబానా, ఎన్నేళ్ల కట్టడం, మనమే ఉంటున్నామా, అద్దెకిచ్చామా అన్నవి మనమే రాసుకుని, మనమే లెక్క వేసుకుని, సంతకం పెట్టి, డబ్బు కట్టెయ్యాలి. తర్వాత వాళ్లు కొన్నింటిని తనిఖీ చేస్తారు.

ఒక ఆదివారం పొద్దున్నే నాన్నగారు కొలతటేపు తెచ్చి, ఒక కొస నా చేతికిచ్చారు. హాలు, వంటిల్లు, వసారా అన్నీ కొలిచాం. పెరట్లో ఒక గది ఉండేది. అందులో ఒక కుర్రవాడు అద్దెకుండి చదువుకునేవాడు. నేను, "నాన్నగారూ, ఆ గది రాయకపోయినా ఎవరూ చూడరు. ఇన్నాళ్లూ లెక్కలో లేనిదే గదా" అన్నాను. బ్యాంకు ఉద్యోగినై ఉండి ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఇన్నాళ్లూ రాసింది వాడు. తప్పుంటే వాడిది. ఇప్పుడు రాసేది నేను. కింద నా సంతకం ఉంటుందిరా" అన్నారు. పెరటి గది కూడా లెక్కలోకి వచ్చింది. ఆ ఏడు మా కందాయం పెరిగింది. అయినా ఆయన రసీదు మడతపెట్టి, పెళ్లిపత్రికలు దాచుకునే ట్రంకుపెట్టెలో పెట్టుకున్నారు.

చాలా ఇళ్లలో అలాగే జరిగి ఉంటుంది, నగరపాలిక పన్ను రాబడి పెరిగింది. మనిషిని నమ్మి కలం చేతికిస్తే, చాలామంది ఆ నమ్మకాన్ని నిలబెట్టుకుంటారు. ఆ రోజుల్లో నేను నేర్చుకున్న పాఠం అది.

రెండు వైపుల లెక్క

నాబోటి కామర్సు విద్యార్థికి ఇంతకంటే ఆనందం కలిగించిన మార్పు ఇంకొకటి ఉంది. అప్పటిదాకా నగరపాలిక లెక్కలు ఒంటిపద్దులో ఉండేవి. డబ్బు వస్తే రాస్తారు, పోతే రాస్తారు. ఇంటావిడ పాలవాడి లెక్క క్యాలెండరు మీద రాసుకున్నట్టు. కాంట్రాక్టర్లకు ఇంకా ఎంత బాకీ ఉంది, జనం మనకు ఎంత బాకీ, ఊరి ఆస్తుల విలువెంత అన్నది ఆ పుస్తకంలో కనిపించదు. పెట్టెలో డబ్బుంటే ధనవంతుణ్ణి అనుకునేవాడు, ఎదురుగా ఉన్న అప్పు చూసుకోకపోతే ఏమవుతాడో మనకు తెలుసు.

టాస్క్‌ఫోర్సు సభ్యుల్లో రమేశ్ రామనాథన్ అనే ఆయన సిటీబ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి వచ్చినవారు. ఆయన ఈ పని నెత్తికెత్తుకున్నారు. నగరపాలికకు జంటపద్దు వచ్చింది. దానితోపాటు ఒక్కొక్క పనికి ఒక్కొక్క నిధి, దాని లెక్క దానిదే అన్న పద్ధతీ వచ్చింది. 2002లో కొన్ని పౌరసంస్థలు కలిసి 'ప్రూఫ్' అనే ఉద్యమం నడిపి, మూడు నెలలకొకసారి నగరపాలిక లెక్కలు ప్రజల ముందు చర్చకు పెట్టించాయి.

శ్యామ్యూల్ పాల్ స్థాపించిన పబ్లిక్ అఫైర్స్ సెంటరు 1994లోనూ, 1999లోనూ, 2003లోనూ ఈ సంస్థల గురించి జనాన్ని అడిగి, బడిపిల్లలకిచ్చినట్టు ప్రోగ్రెస్ కార్డులు ప్రకటించింది. 1994లో జనం పెదవి విరిచారు. 2003 నాటికి తృప్తి స్పష్టంగా పెరిగింది. కాబట్టి మావాడి మాటలో నిజం లేదని నేననను.

నాణేనికి రెండో వైపు

మరి ఇంత మంచి పని ఎందుకు నిలవలేదు? 2004 ఎన్నికల్లో కృష్ణ ప్రభుత్వం పోయింది. కొత్త ప్రభుత్వం టాస్క్‌ఫోర్సును పొడిగించలేదు, పట్టించుకోనూ లేదు. అయిదేళ్లు ఊరంతా మాట్లాడుకున్న సంఘం చప్పుడు లేకుండా మూలపడింది. దాన్ని రద్దు చెయ్యొద్దని వీధిలోకి వచ్చిన జనం నాకైతే కనిపించలేదు.

కారణం వెతకడానికి దూరం వెళ్లక్కరలేదు. ఆ సంఘంలో ఉన్నవాళ్లంతా యోగ్యులే, సొంత డబ్బు ఖర్చు పెట్టుకున్నవాళ్లే. కానీ వాళ్లను ఎన్నుకున్నది జనం కాదు. జనం ఎన్నుకున్న కార్పొరేటర్లకు అందులో సరైన చోటు లేదు. "మా వార్డులో కాలవ ఎవరు తీయిస్తారో మాకే తెలియదు, రేపు ఓటు అడగవలసింది మేము" అని కార్పొరేటర్లు అనుకుంటే తప్పేముంది? మురికివాడల్లో ఉండేవారి మాట ఆ సభల్లో ఎంత వినబడింది అని విమర్శకులు అడిగారు. కందాయం ఫారం నింపడానికి ముందు ఖాతా ఉండాలి. ఖాతాయే లేని గుడిసెవాడి సంగతేమిటి?

2005లో ఇంకో గొడవ. దేవనహళ్లి విమానాశ్రయం కంపెనీకి ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అధ్యక్షులుగా ఉండేవారు. ఆ విషయంలోనూ, ఇన్ఫోసిస్‌కు భూములిచ్చే విషయంలోనూ మాజీ ప్రధాని దేవెగౌడ ప్రశ్నలు వేశారు. నారాయణమూర్తి ఆ పదవికి రాజీనామా చేశారు. విమానాశ్రయం 2008 మేలో ప్రారంభమయింది. ఎవరిది ఒప్పు అన్నది ఇక్కడ మన చర్చ కాదు. భూమి కావలసిన కంపెనీ, భూమి ఇచ్చే ప్రభుత్వం ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే, ఎంత నిజాయితీపరుడికైనా ఆ ప్రశ్న తప్పదు. బ్యాంకులో మాకొక నియమం ఉంది. మా తమ్ముడి అప్పు దరఖాస్తు మీద మేము సంతకం పెట్టకూడదు. మేము దొంగలమని కాదు. అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒక్కడే కాకూడదని.

నిలేకని 2009లో ఇన్ఫోసిస్ వదిలి ఆధార్ పని చేపట్టారు. 2014లో బెంగుళూరు దక్షిణ నియోజకవర్గంలో కాంగ్రెసు తరపున లోక్‌సభకు నిలబడ్డారు. అనంతకుమార్ చేతిలో రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఓటమికి కారణాలు సవాలక్ష ఉండవచ్చు. నాన్నగారు ఆ సాయంత్రం టీవీ ఆపి, "పాపం, మంచివాడేరా. పని ముందు చేసి ఓటు తర్వాత అడిగాడు. మిగతావాళ్లు ఓటు ముందు అడిగి పని మరిచిపోతారు. రెండూ వరసగా చేసేవాడు మనకెప్పుడు దొరుకుతాడో" అన్నారు.

దానం వేరు, పెత్తనం వేరు

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు, గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సమాజ సేవకు ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమలయింది. ఇన్ఫోసిస్ ఫౌండేషను అయితే 1996లోనే మొదలయింది. బళ్లు, ఆసుపత్రులు, గ్రంథాలయాలు, మరుగుదొడ్లు కట్టించింది. 2025 ఆగస్టులో తెరిచిన మెట్రో పసుపు మార్గంలో కోనప్పన అగ్రహారం స్టేషను ఆ ఫౌండేషను పేరు పెట్టుకుని ఉంది. మావాడు ఇప్పుడు ఆ రైలే ఎక్కుతున్నాడు. దానం మంచిదే. కానీ ఏ వార్డులో బడి కావాలి, ఏ వార్డులో ఆసుపత్రి కావాలి అని నిర్ణయించే అధికారం దాత చేతికి వెళితే, మనం పౌరులం కాదు, అతిథులమవుతాం. పెట్టింది తిని రావాలి గాని అడగడానికుండదు.

మరి ఎన్నికైనవాళ్ల సంగతి? 2020 సెప్టెంబరులో బెంగుళూరు నగరపాలిక సభ్యుల గడువు ముగిసింది. ఆ తర్వాత అయిదేళ్లు ఎన్నికలే లేకుండా అధికారులతో గడిచిపోయింది. 2025 సెప్టెంబరులో ఊరిని అయిదు నగరపాలికలుగా విడగొట్టారు. ఆ అయిదేళ్లూ మనలో ఎంతమందిమి, "మా కార్పొరేటరు ఎక్కడ?" అని అడిగాం? నేను అడగలేదు. ఆ నేరం ఏ కంపెనీదీ కాదు, ఏ పార్టీది మాత్రమే కాదు.

మూడు తరాలుగా ఇక్కడ ఉంటున్నా, "ఇది మన రాష్ట్రం కాదు గదా, మనకెందుకులే" అనే బెరుకు మన కుటుంబాల్లో ఇంకా ఉంది. మద్రాసులో, బరంపురంలో, షోలాపూరులో ఉన్నవారికీ ఈ మాట తెలిసే ఉంటుంది. కానీ కందాయం కట్టేటప్పుడు మనది ఏ భాష అని ఎవరూ అడగరు. లెక్క అడిగేటప్పుడు మాత్రం మనమెందుకు వెనక్కి తగ్గాలి? 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు సంఘాలుండాలి. మీ ఊళ్లో ఉందా? ఎప్పుడు కూర్చుంటుంది? మీ వార్డుకి ఈ ఏడు ఎంత డబ్బు వచ్చింది? చిన్న పట్టణమైనా బడ్జెట్టు ఉంటుంది గదా, ఒక్కసారి చూడండి.

ఉగాదినాడు మావాడికి ఇంత చెప్పలేదు. భోజనాలయ్యాక ట్రంకుపెట్టె తెరిచి, 2000 నాటి ఆ రసీదు చేతికిచ్చాను. కాగితం పసుపుపచ్చబడింది, నాన్నగారి సంతకం మాత్రం అలాగే ఉంది.

"కంపెనీ వచ్చి ఈ పద్ధతి నేర్పిందిరా, కాదనను. కానీ కొలిచింది మేము, సంతకం పెట్టింది మీ తాతయ్య" అన్నాను.

వాడు కాసేపు చూసి, "మామయ్యా, మా వార్డు సంఘం మీటింగు ఎప్పుడో ఎలా తెలుసుకోవాలి?" అన్నాడు.

నాకూ తెలియదు. ఇద్దరం కలిసి కనుక్కోవాలనుకున్నాం.