నడిపించే తోడు

రక్తపోటు గుట్టుగా పెరిగే రుగ్మత. కొలతలో అది 140/90 దాటినప్పటికీ చాలామందికి నొప్పిగాని, నలతగాని తెలియదు. బాధ లేనిచోట వైద్యుని మాట గుర్తుండడం కష్టం. ఉత్సాహంగా నడక ప్రారంభించినవారు మధ్యలో మానివేయడానికి ఇది ఒక ముఖ్యకారణం.

క్రమం తప్పక నడిస్తే రక్తనాళాల బిగువు సడలి, గుండెకు శ్రమ తగ్గుతుంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజుల నడక.

మరి ఆ అరగంటను నిలబెట్టేది ఏది? ఎరిగినవారికి పక్షవాతం వచ్చిందన్న భయం కొందరిని వీధిలోకి తెస్తుంది. కాని భయం త్వరగా చల్లారుతుంది. తోడు అంతకంటె బలమైనది. “ఏం బాబాయ్, నిన్న రాలేదేం?” అని మలుపు దగ్గర అడిగేవారుంటే బద్ధకం వెనుకంజ వేస్తుంది. రెండవది కొలత. 1965లో జపానులో ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థం వచ్చే పేరుతో అడుగులు లెక్కించే పరికరం వెలువడింది. శరీరానికి తెలియని మేలును అంకె తెలియజేస్తుంది. అందుకే రక్తపోటును అప్పుడప్పుడు కొలిచి వ్రాసుకోవడం మంచిది. మూడవది అలవాటు. ఒకే వేళ, ఒకే దారి అయితే ప్రతిదినం కొత్తగా మనసును ఒప్పించనక్కరలేదు.

నడుస్తున్నాము కదా అని వైద్యుని సలహా లేకుండా మందులు మానరాదు.

రక్తపోటు గల పెద్దలు మీ ఇంటనూ ఉండవచ్చు. “నడవండి” అనడం సలహా. చెప్పులు తొడుక్కొని “పద, తాతయ్యా” అనడం సాయం.