భాగం 7: సీసపు పోత – గాలపు జిగ్‌ల తయారీ, పోత లోపాల నివారణ

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• సీసాన్ని పోతకు ఎందుకు ఎన్నుకుంటారో వివరించగలుగుతారు.
• పోత ముక్కను చూసి లోపానికి కారణాన్ని గుర్తించగలుగుతారు.
• సీసంతో పనిచేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

7.1 పరిచయం

మీరు విసురు వలను చూసే ఉంటారు. దాని అంచు పొడవునా కట్టిన సీసపు గుళ్ళే వలను నీటి అడుగుకు వేగంగా దించుతాయి. అమెరికాలో గాలం వేసేవారు ఇదే లోహాన్ని మరోవిధంగా వాడతారు. గాలం కాడ చుట్టూ సీసపు తల పోసి, వెనుక ఈకలనో రబ్బరు తోకనో తగిలిస్తే దాన్ని ‘జిగ్’ అంటారు. అక్కడ చాలామంది వీటిని ఇంటి దగ్గరే పోసుకుంటారు. పని చిన్నదే అయినా, లోహపు పోతలోని ముఖ్య సూత్రాలు ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి.

7.2 సీసమే ఎందుకు?

సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. అందువల్ల 28 గ్రాముల జిగ్ తల పరిమాణం సుమారు 2.5 ఘన సెంటీమీటర్లే. అంటే చిన్న ముక్కలోనే తగినంత బరువు ఇమిడిపోతుంది. రెండో కారణం ద్రవీభవన స్థానం. సీసం 327.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. కాబట్టి అల్యూమినియం అచ్చులో సీసాన్ని మళ్ళీ మళ్ళీ పోయవచ్చు.

7.3 పోసే విధానం

సీసాన్ని ఇనుప పాత్రలో కరిగించి, పైన తేలిన తెట్టును ఇనుప గరిటెతో తీసివేయాలి. అచ్చును ముందుగా వేడిచేసి, గాలాన్ని గాడిలో సరిగా అమర్చి, రెండు సగాలనూ గట్టిగా మూయాలి. ఆ తరవాత సీసాన్ని ఆపకుండా ఒకే ధారగా పోయాలి. గట్టిపడిన తరవాత అచ్చు తెరిచి, పటకారుతో ముక్కను తీసి, పోత దారిలో మిగిలిన తోకను కత్తిరించాలి. మొదటి నాలుగైదు ముక్కలు బాగా రాకపోవడం మామూలే. అచ్చు ఇంకా పూర్తిగా వేడెక్కలేదని వాటి అర్థం. వాటిని తిరిగి కరిగించుకోవచ్చు.

7.4 లోపాలు – కారణాలు – సవరణలు

(అ) తల పూర్తిగా నిండకపోవడం: ఇది తరచుగా ఎదురయ్యే లోపం. చల్లని అచ్చును తాకగానే సీసం మధ్యలోనే గడ్డకడుతుంది. ముందు అచ్చును వేడిచేయండి. తరవాత సీసం వేడిని కొద్దిగా పెంచండి. అప్పటికీ నిండకపోతే లోపలి గాలి బయటికి పోవడం లేదని అనుమానించాలి. అచ్చు లోపలి ముఖానికి కొవ్వొత్తి మసి పలచగా పట్టిస్తే సీసం సులువుగా పారుతుంది.

(ఆ) పైన ముడతలు: ఇవి కూడా చల్లదనానికి గుర్తే. ధార మధ్యలో ఆగినా ముడతలు పడతాయి.

(ఇ) పోత దారి దగ్గర గుంట: సీసం గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. ఆ లోటును పూడ్చడానికి పోత దారి పైన కొంత ద్రవ సీసం నిలిచేలా పోయాలి.

(ఈ) అంచుల వెంట పలచని రేకు: అచ్చు సగాలు సరిగా మూసుకోలేదు. మధ్యలో సీసపు తునక ఉందేమో, గాలం కాడ గాడికంటే లావుగా ఉందేమో చూడండి. ఇక్కడ వేడి పెంచితే లోపం ఎక్కువవుతుంది.

(ఉ) కరిగిన సీసం ముద్దగా, చిక్కగా కనిపించడం: పాత సామానుతో జింకు కలిసి ఉండవచ్చు. ఆ సీసాన్ని పక్కన పెట్టి, తెలిసిన సీసంతో మళ్ళీ మొదలుపెట్టడం మేలు.

ఒక నియమం గుర్తుంచుకోండి: ఒకసారికి ఒక్క మార్పే చేయండి. అచ్చు వేడి, సీసం వేడి, మసి – మూడింటినీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకు తెలియదు.

7.5 జాగ్రత్తలు

కరిగిన సీసంలో తడి ముక్క మునిగితే, నీరు క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. ద్రవలోహం పాత్రలోంచి పైకి ఎగజిమ్ముతుంది. కాబట్టి సీసం, అచ్చు, గరిటె అన్నీ పొడిగా ఉండాలి. కళ్ళద్దాలు, తోలు చేతి తొడుగులు, పాదాలను మూసే బూట్లు తప్పనిసరి. పాత బ్యాటరీల సీసాన్ని ఎప్పుడూ వాడకండి.

రెండో ప్రమాదం కంటికి కనిపించదు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రక్తంలో ఇంత సీసం ఉంటే హాని లేదని చెప్పగల పరిమితి ఏదీ లేదు. తెట్టులో, చేతులమీద, బట్టలమీద మిగిలే ధూళి ఇంట్లోకి చేరుతుంది. అందుకే ఈ పని ఆరుబయట, పిల్లలకూ గర్భిణులకూ దూరంగా చేయాలి. వంట పొయ్యిని, వంట పాత్రలను వాడకూడదు. పని కాగానే చేతులు కడుక్కొని, బట్టలు మార్చుకొని, వాటిని విడిగా ఉతకాలి.

నీటి పక్షులకూ సీసం విషమే. చిన్న సీసపు బరువులను మింగి హంసలు చనిపోతున్నందున బ్రిటన్ 1987లో 28.35 గ్రాముల వరకు ఉండే అనేక రకాల గాలపు బరువుల అమ్మకాన్ని నిషేధించింది. ప్రత్యామ్నాయంగా బిస్మత్–తగరం మిశ్రమాన్ని అవే అచ్చుల్లో పోయవచ్చు. అయితే అదే పరిమాణంలో బరువు నాలుగింట మూడు వంతులే వస్తుంది.

7.6 సారాంశం

పోత లోపాల్లో ఎక్కువ భాగం అచ్చు చల్లదనం వల్ల, గాలి చిక్కుకోవడం వల్ల, అచ్చు సరిగా మూసుకోకపోవడం వల్ల వస్తాయి. ముక్కను పరిశీలించి కారణాన్ని ఊహించి, ఒక్కొక్క మార్పుతో పరీక్షించాలి. తడి, ధూళి – ఈ రెండింటి విషయంలో మాత్రం ప్రయోగాలు పనికిరావు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అంచుల వెంట రేకు వచ్చినప్పుడు సీసం వేడిని ఎందుకు పెంచకూడదు?
2. మొదటి ముక్కలు నిండకపోవడానికి కారణమేమిటి?
3. సీసం పోసినవారు బట్టలు విడిగా ఎందుకు ఉతుక్కోవాలి?